ముదిమిలో హెచ్‌ఐవీ: ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో ఆరోగ్య, సామాజిక సమస్యలు – పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉచిత ఏఆర్‌టీ చికిత్స మన దేశంలో అందుబాటులోకి వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. ఒకప్పుడు నడివయస్సులోపే ప్రాణాలు తీసిన హెచ్‌ఐవీ, నేడు నిత్యం మందులు వాడుతూ వార్ధక్యం వరకు జీవించగల దీర్ఘకాలిక స్థితిగా మారింది. ఈ మార్పు వల్ల సమాజంలో ఒక కొత్త వర్గం ఏర్పడింది. హెచ్‌ఐవీతోనే ముసలితనంలోకి అడుగుపెడుతున్న స్త్రీపురుషులు ఆ వర్గంవారు. వారిని వైద్యవ్యవస్థ హెచ్‌ఐవీ బాధితులుగా ఒకచోట, వృద్ధులుగా మరొకచోట చూస్తున్నది. రెండు స్థితులూ ఒకే శరీరంలో ఉన్నాయన్న వాస్తవం విధానాలలోనూ, వాడుకభాషలోనూ ఇంకా స్థిరపడలేదు. రాష్ట్రాల సరిహద్దులు, గోదావరి వరదలు, అడవిపనుల ఋతుచక్రం కలిసే ఖమ్మం – భద్రాచలం ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని ఈ అంతరాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హెచ్‌ఐవీ, వృద్ధాప్యం, ఏఆర్‌టీ, భద్రాచలం, ఆసరా పింఛను, ఆదివాసులు, గోప్యత, ఆరోగ్యభాష.

1. ఉపోద్ఘాతం:

భారతదేశంలో హెచ్‌ఐవీని మొదట 1986లో చెన్నైలో గుర్తించారు. డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల చేసిన రక్తపరీక్షల ద్వారా అది వెల్లడైంది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. నాటి నుంచి దాదాపు పుష్కరకాలం ఈ వ్యాధిపై జరిగిన కృషి ప్రధానంగా నివారణకే పరిమితమైంది. తెలుగునాట 2003 ప్రాంతంలో గోడలపైనా, పెద్దపెద్ద బోర్డులపైనా కనిపించిన ‘పులిరాజా’ ప్రచారం ఆ దశకు ప్రతీక. ఆ ప్రచారం జనంలో చర్చను రేపింది. అయితే అది ప్రజల మనస్సుల్లో నిలిపిన రూపం విచ్చలవిడిగా తిరిగే పురుషుడిది. ఆ చిత్రంలో ముసలితనానికి చోటు లేదు. హెచ్‌ఐవీ సోకినవారు అంతకాలం బతుకుతారన్న ఊహ ఆనాటి సమాజానికి లేకపోవడమే అందుకు కారణం.

2004 ఏప్రిల్ 1న కేంద్రప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ చికిత్సను ప్రారంభించింది. వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తొలినాళ్లలో సీడీ4 కణాల సంఖ్య 200 కంటే తగ్గినవారికే మందులు ఇచ్చేవారు. ఆ పరిమితి క్రమంగా 350కి, తరువాత 500కు పెరిగింది. 2017 నుంచి పరీక్షలో హెచ్‌ఐవీ నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా చికిత్స మొదలుపెడుతున్నారు. నేడు దేశంలో 25 లక్షలకు పైగా ప్రజలు హెచ్‌ఐవీతో జీవిస్తున్నారని జాతీయ అంచనాలు చెబుతున్నాయి. వయోజనుల్లో జాతీయ సగటు సుమారు 0.20 శాతం కాగా, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ సగటు కంటే పైనే ఉన్నాయి.

ఈ సంవత్సరాల లెక్కను ఒక మనిషి వయస్సుకు అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. 2006లో 36 ఏళ్ల వయస్సులో చికిత్స మొదలుపెట్టిన ఒక స్త్రీని ఊహిద్దాం. 2026 నాటికి ఆమె వయస్సు 56. ఇరవై ఏళ్లపాటు క్రమం తప్పకుండా మందులు వాడిన ఆమె చికిత్సావిధానం సాధించిన విజయానికి నిదర్శనం. అయితే ఆ విజయం తరువాతి జీవితానికి ఎలాంటి ఏర్పాట్లున్నాయి? ఈ ఉదాహరణ ఆధారంగానే తరువాతి అంశాలను పరిశీలించవచ్చు.

2. ప్రాంత నేపథ్యం:

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అంతకుముందే 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా పూర్వపు ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు, కొన్ని పూర్తిగానూ కొన్ని పాక్షికంగానూ, ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలు అటు వెళ్లగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. పాలనాపరంగా రాష్ట్రం మారినా ప్రజల దారి మారలేదు. అటు ఆంధ్రప్రదేశ్ మన్యం నుంచీ, ఇటు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేల నుంచీ రోగులు భద్రాచలం ప్రాంతీయ ఆసుపత్రికే వస్తుంటారు.

ఈ ప్రాంతంలో కోయలు, కొండరెడ్లు స్థానిక ఆదివాసులు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని హింస కారణంగా వలస వచ్చిన గుత్తికోయలు అడవి లోపల గూడేలు కట్టుకున్నారు. వీరితోపాటు సింగరేణి బొగ్గుగనుల కార్మికులు, సారపాక కాగితం మిల్లు పరిసరాల శ్రామికులు, జగదల్‌పూర్ నుంచి విజయవాడ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారిపై తిరిగే లారీ డ్రైవర్లు, మిర్చి కోతలకు వచ్చే వలసకూలీలు ఈ ప్రాంత జీవనంలో భాగం. అడవినీ, ఆదివాసులనూ వ్యాధితో ముడిపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇన్ని రకాల జీవనాలు కలిసే చోట ఒకే తరహా వైద్యఏర్పాటు అందరికీ సరిపోదన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం.

3. ముదిమిలో శరీరం – ఆరోగ్య సమస్యలు:

3.1 ముందుగా వచ్చే వార్ధక్యం: హెచ్‌ఐవీ పరిశోధనల్లో 50 ఏళ్లు దాటినవారిని వృద్ధులుగా పరిగణించడం పరిపాటి. దీనికి శాస్త్రీయకారణం ఉంది. మందుల వల్ల రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువ స్థాయికి చేరినా, రోగనిరోధక వ్యవస్థలో స్వల్పస్థాయి వాపు ప్రక్రియ కొనసాగుతుంది. అది రక్తనాళాలనూ, మూత్రపిండాలనూ, ఎముకలనూ నెమ్మదిగా దెబ్బతీస్తుంది. అందువల్ల గుండెజబ్బు, ఎముకల బలహీనత, జ్ఞాపకశక్తి తగ్గడం వంటివి హెచ్‌ఐవీ లేనివారిలో కంటే వీరిలో ఎక్కువగా, కొన్నిసార్లు ముందుగా కనిపిస్తాయి. చిన్నతనం నుంచి పోషకాహారలోపం, మలేరియా, కాయకష్టం అనుభవించిన శరీరానికి ఇది అదనపు భారం.

3.2 మందుల చరిత్రే శరీర చరిత్ర: పైన ఉదాహరించిన స్త్రీ 2006లో స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిసిన మాత్రలతో చికిత్స మొదలుపెట్టి ఉండవచ్చు. స్టావుడిన్ దీర్ఘకాలం వాడినవారిలో బుగ్గలు, కాళ్లు చేతులలోని కొవ్వు కరిగిపోయేది. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వచ్చేవి. ఆ మందును తరువాత తొలగించినా లోపలికి పోయిన బుగ్గలు చాలామందిలో అలాగే ఉండిపోయాయి. దాచుకోదలచిన విషయాన్ని ముఖమే బయటపెట్టే స్థితి అది. తరువాత వచ్చిన టెనోఫోవిర్ మేలైన మందే అయినా మూత్రపిండాలపైనా, ఎముకల సాంద్రతపైనా దాని ప్రభావాన్ని గమనిస్తూ ఉండాలి. 2020 తరువాత ప్రధానస్థానం పొందిన డోలుటెగ్రావిర్ శక్తిమంతమైనది. అయితే కొందరిలో అది బరువును పెంచుతుంది. అంటే 56 ఏళ్ల ఆమె శరీరంలో మూడు తరాల మందుల ఆనవాళ్లు ఉంటాయి.

3.3 మందుకూ మందుకూ మధ్య: వయస్సు పెరిగేకొద్దీ మధుమేహం, రక్తపోటు, కీళ్లనొప్పులు తోడవుతాయి. వాటి మందులు వేరొక చోట, వేరొక వైద్యుడి వద్ద లభిస్తాయి. సమస్య అక్కడే మొదలవుతుంది.

అ) మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మోతాదు డోలుటెగ్రావిర్ వల్ల రక్తంలో పెరుగుతుంది. కాబట్టి రోజుకు 1,000 మిల్లీగ్రాములు మించకుండా చూడాలని వైద్యమార్గదర్శకాలు సూచిస్తాయి.

ఆ) రక్తహీనతకు ఇచ్చే ఐరన్, ఎముకలకు ఇచ్చే కాల్షియం మాత్రలను ఖాళీకడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. భోజనంతో కలిపి తీసుకోవాలి, లేదా వాటికి 2 గంటల ముందుగానో 6 గంటల తరువాతో డోలుటెగ్రావిర్ వేసుకోవాలి.

ఇ) క్షయ చికిత్సలోని రిఫాంపిసిన్ వాడేటప్పుడు డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇవ్వవలసి ఉంటుంది.

ఈ) మోకాళ్లనొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ సూది టెనోఫోవిర్ వాడేవారి మూత్రపిండాలకు ప్రమాదం తేగలదు. పోడు వ్యవసాయం, తునికాకు సేకరణ, మిర్చి కోత అన్నీ నడుమూ మోకాళ్లూ వంచి చేసే పనులే. నొప్పి తప్పదు. సూది దగ్గరలోనే దొరుకుతుంది. ఏఆర్‌టీ కేంద్రం మాత్రం దూరం. తాను ఏ మందులు వాడుతున్నదో ఆర్‌ఎంపీకి చెబితే ఊరంతా తెలుస్తుందన్న భయం మరొకటి. ఆ మౌనం నేరుగా మూత్రపిండాలను దెబ్బతీసే అవకాశం ఉంది.

3.4 పరీక్షల్లోని చిక్కు: మధ్యభారత అడవుల ఆదివాసుల్లో సికిల్‌సెల్ లక్షణం గుర్తించదగిన స్థాయిలో ఉంది. 2023లో ప్రారంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాలపైనే దృష్టి నిలిపింది. సికిల్‌సెల్ గానీ, తీవ్ర రక్తహీనత గానీ ఉన్నవారిలో మూడునెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష తప్పు ఫలితం ఇవ్వవచ్చు. జిడోవుడిన్ వంటి కొన్ని హెచ్‌ఐవీ మందుల వల్ల కూడా ఆ అంకె వాస్తవం కంటే తక్కువగా కనిపించవచ్చు. కాగితంపై మధుమేహం లేనట్లు కనిపించినా శరీరంలో అది ముదురుతూ ఉండవచ్చు. ఇటువంటి చోట నేరుగా రక్తంలోని చక్కెరను కొలవడమే నమ్మదగినది.

3.5 గుండె, గర్భాశయముఖం: 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనం ఈ చర్చలో ముఖ్యమైనది. భారతదేశంతో సహా 12 దేశాల్లో 40 నుంచి 75 ఏళ్ల మధ్యనున్న 7,769 మంది హెచ్‌ఐవీ బాధితులపై అది జరిగింది. పిటావాస్టాటిన్ అనే కొవ్వును తగ్గించే మాత్ర వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి తీవ్రఘటనలు 35 శాతం తగ్గాయని తేలింది. సాధారణ ప్రమాద అంచనాల్లో ‘ఫరవాలేదు’ అనిపించుకునేవారికీ రక్షణ అవసరమని దీని సారాంశం. అలాగే హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయముఖ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఇతరుల కంటే ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్యసంస్థ పేర్కొంది. ముట్లుడిగిన తరువాత ఆ పరీక్ష అవసరం లేదనుకోవడం అపోహ.

4. దూరం, ఋతువు, మందు:

ఏఆర్‌టీ ఒక్కరోజు కూడా తప్పకూడని చికిత్స. అడవి సరిహద్దులో పనులు మాత్రం ఋతువులను బట్టి సాగుతాయి. చలి చివరినుంచి మిర్చి కోతలు, వేసవి మొదట్లో ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు. ఆకు కోసే కొద్దివారాల కూలి ఆ కుటుంబానికి ఏడాదిలో చేతికందే ముఖ్యమైన నగదు. సరిగ్గా ఆ వారంలోనే మందుల తేదీ వస్తే, ఒకరోజు కూలి, బస్సు ఛార్జీ, వెంట తోడు వచ్చే మనిషి కూలి కలిపి నష్టపోవాలి. యువకుడు ఒంటరిగా వెళ్లి రాగలడు. చూపు మందగించి మోకాళ్లు పట్టేసిన వృద్ధురాలికి తోడు కావాలి. తోడు అడగడమంటే ఎక్కడికి వెళ్తున్నదో చెప్పడమే. ఆ విధంగా వార్ధక్యం గోప్యతను కూడా హరిస్తుంది.

వానకాలంలో వరద మరో అడ్డంకి. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాదహెచ్చరికలు జారీచేస్తారు. 2022 జూలై 16న అది 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. అనేక గ్రామాల ప్రజలు పునరావాస కేంద్రాలకు చేరారు. పదిమంది కలిసి పడుకునే బడిగదిలో మందుల సీసాను ఎవరి కంటా పడకుండా దాచుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. కరోనా కాలంలో ఒకేసారి పలునెలల మందులు ఇచ్చే పద్ధతి విస్తృతమైంది. వరదముంపు మండలాల్లోని వృద్ధులకు జూన్ నెలలోనే మూడునెలల మందులు అందించడం ఆ అనుభవం నేర్పిన పాఠాన్ని స్థానికంగా అమలుచేయడమే అవుతుంది.

5. ఆరోగ్యభాష – వరుసలు, అర్థాలు:

తెలుగు పల్లెల్లో ‘మందు’ ఒక్క అర్థంతో నిలిచే మాట కాదు. అది ఔషధం, మద్యం, పురుగుమందు, ఎరువు కూడా. ‘మందు కొట్టడం’ చేలో పిచికారీకీ, సారా తాగడానికీ వర్తిస్తుంది. ‘మందు తాగాడు’ అంటే ఆత్మహత్యాయత్నం అన్న అర్థమూ ఉంది. ‘మందు పెట్టారు’ అంటే చేతబడి వంటి అనుమానం. చిక్కిపోతున్న మనిషిని చూసి ఎవరో మందు పెట్టారని అనుకునే గూడెంలో ‘జీవితాంతం మందు వాడాలి’ అన్న సలహా ఏ అర్థంలో చేరుతుందో ఆలోచించాలి. కోయభాష మాతృభాషగా ఉన్న వృద్ధులకు తెలుగే రెండవ భాష. ఆ తెలుగులోనూ సగం ఆంగ్లపదాలే ఉంటే చెప్పినది అందకపోవడంలో వింత లేదు.

వరుసల విషయం మరింత లోతైనది. కేంద్రానికి వచ్చిన పెద్దవారిని చిన్నవయస్సు సలహాదారు ‘తాతా’, ‘అవ్వా’, ‘పెద్దమ్మా’ అని పిలవడం మన మర్యాద. ఆ పిలుపు ఆత్మీయతను ఇస్తుంది. అదే సమయంలో లైంగికజీవితం గురించి అడిగే దారిని మూసేస్తుంది. తాత అని పిలిచిన నోటితో నిరోధ్ గురించి అడగడం అడిగేవారికీ వినేవారికీ ఇబ్బందే. ముసలివారికి అటువంటి జీవితం ఉండదన్న భావన ఆ పిలుపులోనే ఇమిడి ఉంది. ఫలితంగా వృద్ధుల్లో ఎడతెగని జ్వరానికీ, బరువు తగ్గడానికీ క్షయనో, వయస్సునో కారణంగా భావిస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష చివరికి గాని తలపుకు రాదు. ఆలస్యంగా గుర్తించిన వ్యాధి వృద్ధశరీరాన్ని త్వరగా కుంగదీస్తుంది. మర్యాదను వదలకుండానే ఈ ప్రశ్న అడిగే మాటలను రూపొందించుకోవడం భాషావేత్తల ముందున్న పని.

6. కుటుంబం, పింఛను, చట్టం:

తెలంగాణలో 2014 నవంబరులో మొదలైన ఆసరా పథకంలో వృద్ధులు, వితంతువులు తదితరులతోపాటు హెచ్‌ఐవీ బాధితులకూ చోటు కల్పించారు. 2019లో ఈ పింఛను మొత్తం 2,016 రూపాయలైంది. వృద్ధాప్య పింఛను అర్హతావయస్సును 2021లో 65 నుంచి 57 ఏళ్లకు తగ్గించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు, ఏఆర్‌టీ వాడేవారికి నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. అక్కడ వృద్ధాప్య పింఛనుకు సాధారణ అర్హతావయస్సు 60 ఏళ్లు కాగా, గిరిజనులకు 50 ఏళ్లే.

ఈ అంకెలను 56 ఏళ్ల ఆమె వైపు నుంచి చూడాలి. ఆమె కోయ స్త్రీ అయి, సరిహద్దుకు అవతల ఉంటే ఆరేళ్ల కిందటే ‘వృద్ధురాలు’. ఇవతల ఉంటే ఇంకా కాదు. ఆమె వితంతువు కాకపోతే, పింఛనుకు అర్హమైన మరే వర్గంలోకీ రాకపోతే, పింఛను పొందే దారి హెచ్‌ఐవీ కోటా ఒక్కటే. పింఛను పంపిణీ ఊరిలో నలుగురి మధ్య జరిగే వ్యవహారం. ఏ కోటాలో వస్తున్నదన్నది దాగే విషయం కాదు. కాబట్టి ఆమె డబ్బునో, గోప్యతనో ఎంచుకోవాలి. 57 నిండేవరకు ఆగి, వృద్ధాప్యం అనే గౌరవప్రదమైన పేరుతో దరఖాస్తు చేసుకోవడం ఆమెకు మేలనిపించవచ్చు. ముసలితనం ఇక్కడ భారం కాదు, ఒక రకమైన రక్షణ. జననధ్రువీకరణ లేని గూడేల్లో ఆధార్‌లో ఎవరో ఉజ్జాయింపుగా రాసిన సంవత్సరమే ఆ రక్షణ ఎప్పుడు దొరుకుతుందో నిర్ణయిస్తుంది.

కుటుంబంలో ఆమె స్థానం కూడా మిశ్రమమైనది. వ్యాధి తీవ్రంగా ఉన్న సంవత్సరాల్లో భర్తనో, బిడ్డనో పోగొట్టుకున్న స్త్రీలు మనవలను పెంచే బాధ్యత మోయడం తెలుగునాట కనిపిస్తుంది. సేవ చేయవలసిన వయస్సు దాటి, సేవ పొందవలసిన వయస్సు వచ్చేసరికి ఆదుకునే మధ్యతరం ఉండదు. మరోవైపు ఆదివాసీ సమాజంలో వయస్సు గౌరవాన్ని పెంచుతుంది. పండుగల్లో, పంచాయితీల్లో పెద్దల మాటకు విలువ ఉంటుంది. వ్యాధి సంగతి బయటపడితే పోయేది ఆరోగ్యం ఒక్కటే కాదు, జీవితకాలం సంపాదించిన ఆ పెద్దరికం కూడా.

2017లో ఆమోదం పొంది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వైద్యం, ఉద్యోగం, నివాసం తదితర విషయాల్లో వివక్షను నిషేధిస్తుంది. బాధితుల అనుమతి లేకుండా వివరాలు వెల్లడించరాదంటుంది. ఫిర్యాదులు వినేందుకు ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలని నిర్దేశిస్తుంది. కంటిశుక్లం, తుంటిఎముక వంటి శస్త్రచికిత్సలు వృద్ధాప్యంలోనే అవసరమవుతాయి కనుక వైద్యనిరాకరణకు వ్యతిరేకమైన ఈ రక్షణ వృద్ధులకే ఎక్కువగా అవసరం. అయితే తన గుర్తింపు చెప్పుకోవడానికే వెరచేవారు చట్టాన్ని ఆశ్రయించాలంటే పక్కన నిలబడే మనిషి కావాలి.

7. చేయదగిన పనులు:

కొత్త వ్యవస్థలు నిర్మించకుండానే ఉన్నవాటిని కలిపి సాధించగలిగినవి కొన్ని ఉన్నాయి.

1. 30 ఏళ్లు దాటినవారికి పల్లెల్లో జరుగుతున్న రక్తపోటు, మధుమేహ పరీక్షలను ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చిన రోజునే అక్కడే చేయాలి. 50 దాటినవారికి మూత్రపిండాల పరీక్షను క్రమం తప్పకుండా నిర్వహించాలి.

2. వ్యాధిపేరు లేకుండా, ‘ఈ మాత్రలు వాడేవారికి ఈ సూది వేయరాదు’ అని మాత్రమే తెలిపే చిన్న తెలుగు కార్డును రోగికి ఇవ్వాలి. ఆర్‌ఎంపీకి అది చూపినా గోప్యత చెడదు.

3. మందుల తేదీలను తునికాకు, మిర్చి పనులకూ, వరద నెలలకూ అనుగుణంగా నిర్ణయించాలి.

4. రాష్ట్రం మారిన మండలాల వృద్ధులు దగ్గరలోని కేంద్రంలోనే మందులు పొందేలా రెండు రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు సమన్వయం చేసుకోవాలి.

5. పింఛను పత్రాలపైనా, జాబితాలపైనా కోటా పేరు కనిపించకుండా చూడాలి.

6. విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు, గిరిజన భాషా అధ్యయనకారులు కలిసి వృద్ధులకు అర్థమయ్యే ఆరోగ్యపదావళిని తెలుగులోనూ కోయభాషలోనూ సిద్ధం చేయాలి.

8. ముగింపు:

హెచ్‌ఐవీ విషయంలో తెలుగు సమాజం మొదట ‘ఎవరికి వస్తుంది’ అని ప్రశ్నించింది. తరువాత ‘ఎంతకాలం బతుకుతారు’ అని అడిగింది. మందులు ఆ రెండవ ప్రశ్నకు ఆశాజనకమైన సమాధానం ఇచ్చాయి. ఇప్పుడు అడగవలసినది ‘ముసలితనం ఎలా గడుస్తుంది’ అన్న ప్రశ్న. అమెరికాలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో సగానికి పైగా 50 ఏళ్లు దాటినవారే. మన దేశం కూడా ఆ దిశగానే సాగుతున్నది. ఖమ్మం – భద్రాచలం సరిహద్దు ప్రాంతంలో ఈ ప్రశ్న మరింత పదునుగా కనిపించడానికి కారణం అక్కడి ప్రజల వ్యాధి కాదు. వయస్సును ఒక కార్యాలయం, వ్యాధిని మరొక కేంద్రం, నివాసాన్ని ఒక సరిహద్దురేఖ వేరువేరుగా లెక్కించడమే కారణం. ఇరవై ఏళ్లపాటు ఒక్కరోజు కూడా మాత్ర మానని స్త్రీ తన వంతు బాధ్యతను నిర్వర్తించింది. ఆమె 57వ ఏట అడుగుపెట్టేలోగా ఈ మూడు లెక్కలను ఒక్కచోటికి చేర్చడం వ్యవస్థ నిర్వర్తించవలసిన బాధ్యత.